ఎంబీఏ అప్లికేషన్‌లో మీ ఇంటి వ్యాపారం దాచకండి

ఆగస్టులో క్యాట్ (ఐఐఎంల లాంటి పెద్ద మేనేజ్‌మెంట్ కాలేజీల్లో ఎంబీఏ సీటుకి రాసే ప్రవేశ పరీక్ష) రిజిస్ట్రేషన్ మొదలైన దగ్గర్నుంచి, మార్చి ఏప్రిల్‌లో ఇంటర్వ్యూలు అయ్యేదాకా, తెలిసిన పిల్లలు, వాళ్ల ఫ్రెండ్స్, వాళ్ల కజిన్స్ అప్లికేషన్లు పంపి "అక్కా, ఒక్కసారి చూడవా" అంటారు. చూస్తాను, ఇష్టంగానే చూస్తాను, ఎందుకంటే నేను అప్లై చేసినప్పుడు ఇంట్లో గానీ కాలేజీలో గానీ అడగడానికి నాకు ఎవరూ లేరు. ఇన్నేళ్లుగా ఇవన్నీ చదివాక ఒక విషయం గట్టిగా చెప్పాలనిపిస్తోంది: మన పిల్లల దగ్గర చెప్పుకోవడానికి బోలెడంత ఉంటుంది, సరిగ్గా అదే రాయకుండా వదిలేస్తారు.

గుంటూరు కుర్రాడు ఒకడు ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) పంపాడు. చిన్నప్పటి నుంచీ నాయకత్వం అంటే మక్కువ అని మొదలుపెట్టి, మారుతున్న ప్రపంచంలో సవాళ్లను ఎదుర్కొనే మేనేజర్‌ని కావాలనుకుంటున్నాను అని ముగించాడు. ఆ పేజీ మీద పేరు మార్చి ఎవరు పంపినా తేడా తెలీదు. ఫోన్ చేసి నాన్నగారు ఏం చేస్తారని అడిగితే మిర్చి యార్డులో కమీషన్ కొట్టు అన్నాడు. నువ్వు వెళ్తుంటావా అంటే, "ఇంటర్ నుంచి సీజన్‌లో లెక్కలు నేనే చూస్తానక్కా" అన్నాడు. మరి ఇది ఎందుకు రాయలేదు అంటే, అది ఐఐఎం వాళ్లకి చెప్పే విషయమా అన్నట్టు కాసేపు మాట్లాడలేదు.

ఆ తర్వాత అడుగుతుంటే చెప్పాడు. రాత్రంతా లారీల్లో, ట్రాక్టర్లలో టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతాయి. పొద్దున్నే కొనేవాళ్లు వచ్చి ఒక్కో లాటుకి కాయ చూస్తారు, రంగు, తేమ, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత ఉంది అని. తేజ రకానికి ఒక ధర, 334 రకానికి ఒక ధర, బ్యాడిగికి ఇంకో ధర. కాటా అయ్యాక రైతు డబ్బు కోసం నిలబడి ఉంటాడు, కానీ ఎగుమతి వ్యాపారి ఇచ్చేది తర్వాత ఎప్పుడో, ఆ మధ్య రోజులు మోసేది కమీషన్ వ్యాపారి. ధర పడిపోయిన ఏడాది అమ్మేయాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అనేది ఇంకో లెక్క: స్టోరేజీ అద్దె, ఆ సరుకు మీద తెచ్చిన అప్పుకి వడ్డీ, వచ్చే ఏడాది ఎన్ని ఎకరాలు వేస్తారో, కర్ణాటకలో పంట ఎలా ఉందో, చైనా వాళ్లు కొంటున్నారో లేదో. ఇవన్నీ వాడు ఫోన్‌లో తడుముకోకుండా చెప్పాడు. వర్కింగ్ క్యాపిటల్, క్రెడిట్ రిస్క్, ఇన్వెంటరీ అని ఎంబీఏ మొదటి ఏడాది పుస్తకాల్లో చదివేది ఇదే, ఈ పిల్లాడు పదిహేడేళ్లకే సొంత డబ్బు పోయే చోట నిలబడి చూశాడు.

ఎస్‌ఓపీ మొత్తం తీసేయించాను. కొత్తది ఒకే ఒక సీజన్ గురించి రాశాడు, ధర పడినప్పుడు కొంత సరుకు అమ్మి కొంత నిల్వ పెట్టాలని తండ్రీ కొడుకూ ఎలా తేల్చుకున్నారో, దానివల్ల ఏమైందో. అంకెలతో రాశాడు. అలంకారాలు ఏమీ లేవు. చదివితే మనిషి కనిపించాడు.

ఇలా రాస్తే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది, దానికి ముందే సిద్ధపడాలి. ఇంటర్వ్యూ ప్యానెల్‌లో ఎవరో ఒకరు అడుగుతారు: రైతుకి పెట్టుబడికి అప్పిచ్చి, పంట నీ కొట్టుకే తెమ్మంటావు కదా, మరి ధర దగ్గర అతనికి బేరమాడే శక్తి ఎక్కడుంది అని. ఇది న్యాయమైన ప్రశ్న. మా నాన్న చాలా మంచివాడండీ అంటే జవాబు కాదు. బ్యాంకు రుణం అందని కౌలు రైతుకి ఆ అప్పు ఎందుకు దిక్కవుతోంది, అందులో అతను ఏం కోల్పోతున్నాడు, ఏం మారితే బాగుంటుంది అనేది రెండు వైపుల నుంచీ ఆలోచించి ఉండాలి. ఆలోచించినవాడు తెలిసిపోతాడు, అది ఇంగ్లిష్ యాసకి సంబంధించిన విషయం కాదు.

భీమవరం వైపు నుంచి వచ్చే పిల్లలదీ ఇదే కథ. ఇంట్లో వనామి రొయ్యల చెరువులు ఉంటాయి, బీటెక్‌లో కాలేజీ ఫెస్ట్‌కి వాలంటీర్‌గా చేశానని రాస్తారు. అలాంటి ఒక అమ్మాయికి 100 కౌంట్‌కీ 30 కౌంట్‌కీ ధరలో తేడా ఎందుకుంటుందో తెలుసు (కిలోకి వంద రొయ్యలు తూగితే 100 కౌంట్, ముప్పై తూగితే 30 కౌంట్, పెద్ద రొయ్యకి ధర ఎక్కువ, కానీ అంత పెరిగేదాకా ఆగితే మేత ఖర్చు, ఏరేటర్ల కరెంటు బిల్లు, వైరస్ భయం మూడూ పెరుగుతాయి). రేపే పట్టుబడి చేయాలా (రొయ్యలు పట్టేయాలా), ఇంకో రెండు వారాలు ఆగాలా అని ఇంట్లో రాత్రిళ్లు జరిగే చర్చ విన్న మనిషి తను. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు ఆ దెబ్బ పేపర్లో చదవక ముందే వాళ్ల ఇంట్లో తెలిసింది. ఫెస్ట్ గురించి రాయడం తప్పని కాదు, ఈ అమ్మాయి మాత్రమే చెప్పగలిగింది పక్కన పెట్టి వేలమంది చెప్పేది చెప్పడమే నాకు బాధగా ఉంటుంది.

సిరిసిల్లలో మరమగ్గాలు నడిచే ఇంటి నుంచి ఒక అబ్బాయి ఉన్నాడు. ఆసామి అంటే ఎవరు, నూలు ఎవరిది, కూలీ ఎలా కడతారు, 2017లో ప్రభుత్వం నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక పని ఎలా మారింది, ఒకే కొనుగోలుదారు మీద ఊరంతా ఆధారపడితే ఆర్డర్ ఆగినప్పుడు ఏమవుతుంది, ఇవి అతనికి చిన్నప్పటి నుంచీ కళ్లముందు ఉన్నవే. వాళ్ల అమ్మ బీడీలు చుట్టేది. అది రాయనా వద్దా అని అడిగాడు. జాలి కోసం అయితే వద్దు, కానీ ఇంటి ఖర్చులో ఎవరి డబ్బు దేనికి వెళ్లేదో చెప్పడానికి అవసరమైతే రాయి అన్నాను. అక్కడ తేడా సన్నగా ఉంటుంది. కష్టాల చిట్టా రాస్తే చదివేవాళ్లకి మీ కష్టం తెలుస్తుంది, మీరు తెలీరు. ఆ కష్టంలో మీరు ఏం గమనించారు, ఏం నిర్ణయం తీసుకున్నారు అనేది రావాలి.

ఇంట్లో వ్యాపారం లేనివాళ్లు ఏం చేయాలి అని అడుగుతారు. ఉద్యోగం చేస్తుంటే ఉద్యోగం ఉంది. మన హైదరాబాద్ పిల్లల్లో సగం మంది సర్వీస్ కంపెనీల్లో సపోర్ట్ ప్రాజెక్టుల్లో ఉంటారు, మాది డెవలప్‌మెంట్ కూడా కాదక్కా, టికెట్లు క్లోజ్ చేయడమే అని చిన్నబుచ్చుకుంటారు. సరే, ఏ టికెట్లు ఎక్కువ వచ్చేవి, ఎందుకు వచ్చేవి, రాత్రి నడిచే బ్యాచ్ జాబ్ ఆగిపోతే పొద్దున్న క్లయింట్ దగ్గర ఎవరి పని ఆగేది? దీనికి జవాబు తెలిసినవాడికి ఆ బిజినెస్ తెలిసినట్టే. తెలీకపోతే ఇంటర్వ్యూ లోపు మీ టీమ్ లీడ్‌ని అడిగి తెలుసుకోండి, పనిచేస్తున్న చోటు గురించే తెలీనివాళ్లని ప్యానెల్ ఊరికే వదలదు.

ఇక ఫారం సంగతి. ఇందులో టెన్షన్ పెట్టేది వ్యాసాలు కాదు, సర్టిఫికెట్లు. ఓబీసీ కోటాలో అప్లై చేసేవాళ్లు దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి. మన దగ్గర బీసీ-ఎ, బీసీ-బి, బీసీ-డి అని రాష్ట్రం ఇచ్చే కుల ధ్రువీకరణ పత్రం చాలామంది ఇళ్లల్లో ఉంటుంది, అది ఐసెట్ (మన రాష్ట్రాల్లో ఎంబీఏ, ఎంసీఏ సీట్లకి పెట్టే పరీక్ష) కౌన్సెలింగ్‌కి సరిపోతుంది, ఐఐఎంకి సరిపోదు. అక్కడ కావాల్సింది కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉన్న ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్. రాష్ట్రం బీసీ జాబితా, కేంద్రం ఓబీసీ జాబితా ఒకటి కావు, కొన్ని కులాలు ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో ఉండవు. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీగా కేంద్ర జాబితా ఉంటుంది, ముందు అందులో మీ కులం పేరు, స్పెల్లింగ్ సహా చూసుకోండి, ఆ తర్వాతే మీసేవకో సచివాలయానికో వెళ్లండి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటా) వాళ్లకి ఆదాయం ఒక్కటే చూస్తారనుకుంటారు, కానీ కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉన్నా సాగు భూమి 5 ఎకరాలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అర్హత ఉండదు. మెట్ట ప్రాంతంలో ఆరు ఎకరాలుండి పంట పండని కుటుంబాలకి ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది, కానీ రూలు అదే. ఆ సర్టిఫికెట్ కూడా ఏ ఆర్థిక సంవత్సరానిదో చూసుకోవాలి. తహసీల్దార్ ఆఫీసులో ఆలస్యం అవుతుందనుకునే మొదలుపెట్టండి.

మార్కుల దగ్గర ఒక మాట. డిగ్రీలో 50 శాతం ఉంటే (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 45) క్యాట్ రాయొచ్చు. కానీ షార్ట్‌లిస్ట్ దగ్గరికి వచ్చేసరికి అహ్మదాబాద్, బెంగళూరు లాంటి పాత ఐఐఎంలు పదో తరగతి, ఇంటర్ మార్కులకి కూడా వెయిటేజీ ఇస్తాయి. పదిహేనేళ్ల వయసులో వచ్చిన మార్కులు ఇరవై నాలుగేళ్లకి కూడా వెంటాడటం నాకు నచ్చదు. కానీ మార్చలేనిదాని గురించి దిగులు పడేకంటే ప్రతి ఐఐఎం తన సైట్‌లో పెట్టే అడ్మిషన్ పాలసీ చదివి, ఎవరు దేనికి ఎంత ఇస్తున్నారో చూసుకుని మీ లిస్ట్ తయారు చేసుకోవడం మంచిది. ఎంత బోర్ కొట్టినా ఆ పత్రాలు చదవండి, కోచింగ్ సెంటర్ వాళ్లు చెప్పేదాకా ఆగొద్దు. 2020లో పదో తరగతి పరీక్షలు రద్దయిన బ్యాచ్ ఇప్పుడు అప్లై చేస్తోంది. మీ మెమోలో ఏముంటే అదే, ఫారంలో చెప్పిన పద్ధతిలోనే ఎక్కించండి, జీపీఏని మీకు తోచిన ఫార్ములాతో శాతంగా మార్చొద్దు. వెరిఫికేషన్‌లో తేడా వస్తే వచ్చిన సీటు కూడా పోతుంది.

పరీక్ష గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను తక్కువే చెబుతాను. 120 నిమిషాలు, మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 40 నిమిషాలు, ఒకదాంట్లో మిగిలిన టైమ్ ఇంకోదానికి వాడుకోలేరు. మనవాళ్లకి లెక్కల దగ్గర భయం ఉండదు, ఇంటర్‌లో రుద్దిన రుద్దుడు అలాంటిది. దెబ్బ తగిలేది రీడింగ్ దగ్గర. దానికి వొకాబులరీ లిస్టులు బట్టీ పట్టడం కంటే రోజూ ఒక పెద్ద వ్యాసం మొదటి నుంచి చివరిదాకా చదవడం ఎక్కువ పనిచేస్తుంది, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి మరీను. ఇంకో సంగతి, క్యాట్ ఫారం నింపితే అన్ని కాలేజీలకీ అప్లై చేసినట్టు కాదు. ఎఫ్‌ఎంఎస్ ఢిల్లీ, ఎండీఐ, ఎస్‌పీజేఐఎంఆర్ లాంటివి క్యాట్ స్కోరు తీసుకుంటాయి గానీ వాటికి వేరే ఫారం, వేరే ఫీజు, వేరే గడువు. ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐకి అయితే పరీక్షే వేరు, జనవరిలో ఎక్సాట్ రాయాలి. మంచి పర్సంటైల్ వచ్చి కూడా ఎఫ్‌ఎంఎస్ ఫారం నింపలేదని బాధపడ్డవాళ్లని చూశాను. అక్కడ రెండేళ్ల ఫీజు రెండు మూడు లక్షల్లోనే ఉంటుంది, ఐఐఎం అహ్మదాబాద్‌లో పాతిక లక్షలు దాటింది, ఈ తేడా తెలిస్తే ఎవరూ ఆ ఫారం వదులుకోరు.

ఐసెట్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే క్యాట్ రాసేవాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు, అది నాకు నచ్చదు. 200 మార్కులు, 150 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు, ర్యాంకు వస్తే వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడమే, వ్యాసాలు లేవు, ఇంటర్వ్యూ లేదు. ఇల్లు వదిలి వెళ్లలేని పరిస్థితి ఉన్నవాళ్లలో, అప్పు చేయలేనివాళ్లలో ఉస్మానియా క్యాంపస్‌లోనో ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్‌లోనో సీటు తెచ్చుకుని బాగా చదివి స్థిరపడ్డవాళ్లు నా పరిచయస్తుల్లోనే ఉన్నారు. ఎటొచ్చీ అక్కడ మీ గురించి మీరు చెప్పుకునే అవసరం అడ్మిషన్ టైమ్‌లో రాదు కాబట్టి అది ప్లేస్‌మెంట్ రోజుకి వాయిదా పడుతుంది. ఆ సాధన మీరే ముందు నుంచి చేసుకోవాలి. వైజాగ్ వాళ్లు ఇంకొకటి చూడండి. 2015లో ఆంధ్రా యూనివర్సిటీలో తాత్కాలికంగా మొదలైన ఐఐఎం విశాఖపట్నం ఇప్పుడు గంభీరంలో సొంత క్యాంపస్‌లో ఉంది, అయినా మన పిల్లలు లిస్ట్‌లో దాన్ని చివర్న పెడతారు, ఎందుకని అడిగితే కారణం చెప్పలేరు.

కొన్నేళ్లు పనిచేసినవాళ్లు ఎక్కువగా గచ్చిబౌలి ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) వైపు చూస్తారు, అక్కడి ఏడాది ప్రోగ్రాంకి జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ స్కోరుతో పాటు వ్యాసాలు, రికమెండేషన్ ఉంటాయి, విదేశీ యూనివర్సిటీలకీ దాదాపు ఇంతే. ఇక్కడ మన ఆఫీసుల్లో ఒక అలవాటు ఉంది, మేనేజర్‌ని అడిగితే "నువ్వే రాసి పంపు, నేను సబ్మిట్ చేస్తా" అంటాడు. ఒప్పుకోకండి. నిజాయితీ సంగతి సరే, మీ వ్యాసం, మీ రికమెండేషన్ ఒకే చేత్తో రాస్తే చదివేవాళ్లకి పట్టుబడుతుంది. అయితే మేనేజర్‌కి టైమ్ లేదన్నదీ నిజమే, అందుకని మీరు కలిసి చేసిన రెండు మూడు పనుల్ని గుర్తుచేస్తూ, తేదీలు, జరిగిన సంగతులు పెట్టి ఒక మెయిల్ ఇవ్వండి, "సార్, ఇందులో మీకు గుర్తున్నది, మీకు నిజం అనిపించింది రాయండి, నేను ఎక్కడ మెరుగవ్వాలో కూడా రాయండి" అని అడగండి. పెద్ద హోదా ఉన్నాయన ఇచ్చిన నాలుగు లైన్లకంటే, రోజూ మీతో పనిచేసిన టీమ్ లీడ్ రాసిన పేజీకే విలువ.

అమ్మాయిల ఇళ్లల్లో ఇంకో పరీక్ష ఉంటుంది. ఇప్పుడు రెండేళ్లు చదువుకి పోతే పెళ్లి ఎప్పుడు అని. దీన్ని ఫలితాలు వచ్చాక మాట్లాడుదామని వాయిదా వేసుకుంటారు, అప్పటికి ఫీజు కట్టే గడువు, లోన్, ఇల్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఫారం నింపే ముందే కూర్చుని మాట్లాడండి. లెక్కతో మాట్లాడండి, ఫీజు ఎంత, పెద్ద ఐఐఎంలకి స్టేట్ బ్యాంక్ లాంటివి తాకట్టు లేకుండానే లోన్ ఇస్తాయని, ఈఎంఐ చదువు అయ్యాక మొదలవుతుందని, ఆ ఈఎంఐ నా జీతంలోంచి నేనే కడతానని. మా నాన్న మూడు రోజులు ముభావంగా ఉండి, నాలుగో రోజు బ్యాంకుకి తనే వచ్చారు.

చివరిగా ఉద్యోగం చేసేవాళ్లకి. అడ్మిషన్ ఆఫర్లు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి, వెయిటింగ్ లిస్ట్ జూన్ దాకా కదులుతూనే ఉంటుంది, క్లాసులు జూన్, జూలైల్లో మొదలైపోతాయి. మన సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలావాటికి నోటీస్ పీరియడ్ 90 రోజులు. లెక్క వేసుకోండి, సీటు వచ్చాక రాజీనామా చేస్తే రిలీవింగ్ లెటర్ క్లాసులు మొదలయ్యాక వస్తుంది. అలాగని సీటు రాకముందే ఉద్యోగం మానొద్దు. ఇంటర్వ్యూలు అయ్యాక, మార్చిలోనే, మీ ఉద్యోగ ఆఫర్ లెటర్ తీసి బై-అవుట్ (డబ్బు కట్టి నోటీస్ పీరియడ్ తగ్గించుకోవడం) గురించి ఏం రాసి ఉందో చదవండి, మేనేజర్ నమ్మకస్తుడైతే ముందే చెవిలో వేయండి, మిగిలిన లీవులు ఎన్నున్నాయో చూసుకోండి, బై-అవుట్‌కి అయ్యే డబ్బు లోన్‌లో రాదు కాబట్టి ఆ మొత్తం విడిగా దాచుకోండి. ఈ ఏడాది ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్లు మీ ఊరి గురించి, ఇంటి పని గురించి రాసుకున్న పేజీ ఉంటే పంపండి, చదివి ప్యానెల్ అడిగేలాంటి ప్రశ్నలు రాసి తిరిగి పంపుతాను.